మఖమలు ఆకుల ఆంథూరియం

పెరట్లో చేమ మొక్క ఉంటే ఒక ఆకు మీద నాలుగు నీటి చుక్కలు వేసి చూడండి. అవి ఆకును తడపకుండా జారిపోతాయి. మైనం పూతతో పాటు, బాహ్యచర్మ కణాలు చిన్న బుడిపెల్లా ఉబ్బి ఉండటమే ఇందుకు కారణం. చేమ చెందిన ఏరేసీ కుటుంబంలోనే ఉన్న ఆంథూరియం వరోక్వియానంలో ఇటువంటి ఉబ్బెత్తు కణాలు వేరే పని చేస్తాయి.

ఇది కొలంబియా వానకారు అడవుల మొక్క. 1878లో థామస్ మూర్ దీనిని వర్ణించాడు. ముదురాకుపచ్చ ఆకులు మీటరుకు మించి పొడవుగా వేలాడతాయి, వాటిపై ఈనెలు తెల్లగా కనిపిస్తాయి. సేకరణదారులు దీనిని ఆంథూరియంలలో రాణి అంటారు.

ఆకును తాకితే మఖమలులా ఉంటుంది కనుక నూగు ఉందనుకోవడం సహజం. కాని సూక్ష్మదర్శినిలో చూస్తే కేశాలు కనిపించవు. పైతలంలోని ఒక్కొక్క కణం గుమ్మటంలా ఉబ్బి ఉంటుంది. దట్టమైన నీడలో ఏ పక్క నుంచి వచ్చిన వెలుతురైనా పరావర్తనం చెందకుండా లోపలికి పోవడానికి ఈ ఆకారం తోడ్పడుతుంది. ఉబ్బిన కణం కుంభాకార కటకంలా కాంతిని హరితరేణువుల మీద కేంద్రీకరిస్తుంది కూడా. చెదిరిన వెలుతురులో ఈ కేంద్రీకరణ వల్ల ఎంత లాభమన్న దానిపై ఇంకా చర్చ ఉంది.

ఈ మొక్కను మద్నూర్ నల్లరేగడిలో నాటితే ఏమవుతుంది? వృక్షోపజీవి కనుక దీని వేర్లకు గాలి కావాలి. రేగడి నీటిని పట్టి ఉంచి, తడిసినప్పుడు ఉబ్బి గాలిని చొరనివ్వదు, వేర్లు కుళ్లుతాయి. కొబ్బరి పీచు ముక్కలు, బెరడు, బొగ్గు కలిపిన మిశ్రమమే మేలు. వేసవి పొడిగాలికి ఆకు అంచులు ఎండుతాయి. అప్పుడప్పుడు నీళ్లు చిలకరించినంత మాత్రాన సరిపోదు. మూత ఉన్న పాత చేపల తొట్టెలో పెడితే తేమ నిలుస్తుంది, అయితే ఎండ నేరుగా తగలకూడదు.

సంకరణ చేసేవారికి అసలు చిక్కు పూవులో ఉంది. స్పాడిక్స్ మీది పూలు ద్విలింగ పుష్పాలే అయినా వాటిలో స్త్రీభాగ ప్రథమోత్పత్తి కనిపిస్తుంది. ముందు కీలాగ్రాలు తడిగా మెరుస్తాయి. అవి ఎండిన తరువాతే పుప్పొడి వస్తుంది. అందువల్ల ఒకే పుష్పవిన్యాసంలో ఆత్మపరాగ సంపర్కం సాధారణంగా జరగదు. ఒక మొక్క పుప్పొడిని పొట్లంలో కట్టి ఫ్రిజ్‌లో దాచి, మరో మొక్క కీలాగ్రం తడిగా ఉన్న రోజున కుంచెతో అద్దుతారు. పండు పక్వం కావడానికి నెలలు పడుతుంది. విత్తనాలను ఎండబెట్టి దాచుకోవడం కుదరదు, వెంటనే నాటాలి. ఆంథూరియం క్రిస్టల్లినం వంటి దగ్గరి జాతులతో సంకరణం చేస్తే పుట్టే మొలకలు ఒకదానిలా మరొకటి ఉండవు. సేకరణదారులు ఎక్కువ ధర పెట్టేది ఈ వైవిధ్యానికే.

కణజాల వర్ధనం దీనికి భిన్నం. అందులో ఒకే మొక్కకు వేల నకళ్లు తయారై ధర దిగుతుంది. ధర దిగడం వృక్షశాస్త్ర విద్యార్థికి మంచి వార్తే, ఎందుకంటే ధర ఎక్కువగా ఉన్నంత కాలం అడవి నుంచి పీకి అమ్మేవారికి ఆశ ఉంటుంది. ఈ జాతి సహజంగా కొలంబియాలో తప్ప మరెక్కడా లేదు. కొనేముందు అది విత్తనం మొలకా, కణజాల వర్ధనం మొక్కా, అడవి నుంచి తెచ్చినదా అని అమ్మేవారిని అడగండి. జవాబు తడబడితే కొనకండి.