ఇందిరమ్మను ఎవరి పక్కన నిలబెట్టి చూడాలి?

ఇందిరా గాంధీ పేరు ఎత్తగానే మాట పోలికలోకి జారిపోతుంది. అభిమానులకు ఆమె దుర్గ, ఉక్కు మహిళ. పల్లెల్లో అయితే ఒట్టి అమ్మ. గిట్టనివారికి ఆడ హిట్లర్. ప్రధాని అయిన కొత్తలో అదే మనిషిని ప్రతిపక్షం మూగబొమ్మ అని వెక్కిరించింది. 1966 జనవరి నుంచి 1984 అక్టోబరు 31న హత్యకు గురయ్యేదాకా, మధ్యలో జనతా పాలన పోగా, దాదాపు పదహారేళ్లు దేశాన్ని ఏలిన నాయకురాలి గురించి ఈ దేశం ఇప్పటికీ ఒక మాట మీదికి రాలేదు. పోల్చడం తప్పని నేను అనను. ఒకరి పక్కన ఇంకొకరిని నిలబెడితేనే ఎవరి ఎత్తెంతో తెలుస్తుంది. అయితే దేవత పక్కనో రాక్షసుడి పక్కనో నిలబెడితే తీర్పు ముందే వచ్చేస్తుంది, ఇక తెలుసుకోవడానికి ఏమీ మిగలదు. ఆమె కాలంలోనే, ఆమెలాంటి అధికారం చేతికొచ్చి, ఆమెలాంటి చిక్కుల్లో పడ్డవారి పక్కన నిలబెట్టి చూస్తే మాత్రం ఇందిర ఏం చేశారో, ఏం చేయలేదో, దేన్ని మనకు వదిలి వెళ్లారో విడివిడిగా కనిపిస్తాయి.

అన్నిటికంటే ఎక్కువ ప్రచారంలో ఉన్న అపోహ దుర్గదే. 1971 యుద్ధం గెలిచాక అటల్ బిహారీ వాజపేయి పార్లమెంటులో ఇందిరను దుర్గ అని కీర్తించారని ఇప్పటికీ వేదికల మీద చెబుతుంటారు. తాను ఆ మాట అనలేదని వాజపేయి తర్వాతి కాలంలో స్వయంగా స్పష్టం చేశారు. అయినా ఆ మాట చావలేదు, ఎందుకంటే అది రెండు వైపులవారికీ పనికొస్తుంది. ఎమర్జెన్సీ కాలంలో చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ ఆమెను దుర్గగానే చిత్రించారు. యుద్ధంలో గెలిచినందుకు పుట్టిన ఉపమానం సొంత జనం నోరు నొక్కిన రోజుల్లో కూడా అతికిపోయిందంటే, అది ఆమె గురించి ఏమీ చెప్పడం లేదన్నమాట. 1971లో నిజంగా జరిగింది దైవావేశానికి పూర్తిగా భిన్నమైనది. తూర్పు పాకిస్థాన్ నుంచి కోటి మంది దాకా కాందిశీకులు వచ్చిపడ్డారు. వెంటనే యుద్ధం చేయాలన్న ఒత్తిడి ఉన్నా, సైన్యం సిద్ధం కావడానికి వ్యవధి కావాలన్న జనరల్ మానెక్‌షా మాట ఆమె విన్నారు. ఆగస్టులో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నారు. పశ్చిమ దేశాలు తిరిగి మన వాదన వినిపించారు. డిసెంబరు 3న మొదలైన యుద్ధం 16న ఢాకాలో ముగిసింది, సుమారు 93 వేల మంది లొంగిపోయారు. నెలల తరబడి ఓపిక పట్టడం, నిపుణుల మాట వినడం, లెక్క చూసుకుని అడుగేయడం ఈ గెలుపు వెనుక ఉన్నాయి. దుర్గ అనే మాట ఆ నేర్పునంతా మింగేస్తుంది.

ఇక హిట్లర్. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు న్యాయమూర్తి జగ్‌మోహన్‌లాల్ సిన్హా ఆమె ఎన్నిక చెల్లదన్నారు. పదమూడు రోజులకు, 25 అర్ధరాత్రి వేళ, ఎమర్జెన్సీ వచ్చింది. మంత్రివర్గానికి సంగతి తెలిసింది మర్నాటి ఉదయం. లక్షకు పైగా మందిని విచారణ లేకుండా జైళ్లలో పెట్టారు. పత్రికల మీద సెన్సార్ పెట్టారు. 1976-77 ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి, వాటిలో ఎన్నో బలవంతంగా చేసినవే. ఈ నేరాల బరువు తగ్గించడానికి ఏ సాకూ చాలదు. అయినా హిట్లర్ పోలిక నిలవదు. 1933 మార్చి తర్వాత జర్మనీలో అతను బతికుండగా మరో స్వేచ్ఛాయుత ఎన్నిక జరగలేదు. ఇందిర 1977 మార్చిలో ఎన్నికలు జరిపించారు, రాయ్‌బరేలీలో రాజ్ నారాయణ్ చేతిలో తానే ఓడిపోయారు, కుర్చీ దిగారు. గెలుస్తానన్న ధీమాతోనే ఎన్నికలు పెట్టారని కొందరంటారు. అయి ఉండవచ్చు. ధీమా తప్పని తేలాక ఫలితాన్ని ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం అన్న రెండు దారులు అప్పటికీ ఆమె ముందున్నాయి. సైన్యమూ పోలీసులూ తన చేతిలో ఉండగా ఆమె ఒప్పుకునే దారి పట్టారు.

హిట్లర్ పేరు చెప్పడం చరిత్ర పాఠం కాదు, హెచ్చరిక మాత్రమే, అందులో తప్పేముందని ఎవరైనా అడగవచ్చు. హెచ్చరికగా అయినా అది గురి తప్పుతోంది. జర్మనీతో నిజంగా పోల్చదగినది మనిషిలో లేదు, చట్టంలో ఉంది. వైమార్ రాజ్యాంగంలోని 48వ అధికరణం ప్రాథమిక హక్కులను నిలిపివేసే అధికారం అధ్యక్షుడికి ఇచ్చింది, హిట్లర్ ఆ తలుపులోంచే లోపలికి వచ్చాడు. మన రాజ్యాంగ సభలో అత్యవసర అధికారాల మీద చర్చ జరిగినప్పుడు హెచ్.వి. కామత్ సరిగ్గా ఈ ప్రమాదం గురించే గట్టిగా హెచ్చరించారు. సభ వినలేదు. 352వ అధికరణంలో ‘అంతర్గత కల్లోలం’ అన్న వదులైన మాట అలాగే ఉండిపోయింది. పాతికేళ్ల తర్వాత ఆ మాటే ఇందిరకు అక్కరకొచ్చింది. ఆమెను రాక్షసిగా చూపిస్తే ఆ మాటను రాజ్యాంగంలో రాసినవారు, దాన్ని ఆమోదించినవారు కనుమరుగైపోతారు.

తండ్రితో పోలికలోనూ ఇలాంటి పొరపాటే ఉంది. నెహ్రూ నిఖార్సయిన ప్రజాస్వామ్యవాది, కూతురు ఆ బాట తప్పింది అన్నది చదువుకున్నవారిలో బాగా పాతుకుపోయిన అభిప్రాయం. అందులో కొంత నిజముంది: నెహ్రూ పార్లమెంటులో గంటల తరబడి కూర్చుని విమర్శలు వినేవారు, న్యాయమూర్తుల సీనియారిటీ జోలికి పోలేదు. ఇందిర హయాంలో 1973లో ముగ్గురు సీనియర్ న్యాయమూర్తులను దాటించి ఎ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఎమర్జెన్సీలో జీవించే హక్కు కోసం ఒంటరిగా భిన్నమైన తీర్పు రాసిన జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నాకు 1977లో ఆ పదవి దక్కకుండా చేశారు. తండ్రి కూతుళ్ల మధ్య తేడా ఇక్కడ పెద్దది. కానీ ఆమె వాడిన ఆయుధాలన్నీ ఇంట్లో పాతవే. విచారణ లేని నిర్బంధానికి చట్టం 1950లోనే వచ్చింది. షేక్ అబ్దుల్లాను 1953లో నిర్బంధించారు. కేరళలో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ ప్రభుత్వాన్ని 1959లో రద్దు చేసినప్పుడు ప్రధాని నెహ్రూ, కాంగ్రెస్ అధ్యక్షురాలు ఇందిర. చైనా యుద్ధంతో 1962లో పెట్టిన ఎమర్జెన్సీని యుద్ధం ముగిసి ఐదేళ్లు దాటినా ఎత్తేయలేదు, 1968 జనవరిలో గానీ అది పోలేదు. 1971 యుద్ధపు ఎమర్జెన్సీ 1975 నాటికి ఇంకా అమల్లోనే ఉంది. అంటే ఇందిర ప్రకటించింది ఎమర్జెన్సీ మీద ఎమర్జెన్సీ. నెహ్రూ దగ్గర ఒరలో ఉన్న కత్తినే ఆమె దూశారు.

నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పే పోలిక మన పొరుగునే ఉంది, దాన్ని మనం దాదాపు ఎప్పుడూ వాడం. శ్రీలంకలో సిరిమావో బండారనాయకే 1960లోనే ప్రపంచంలో తొలి మహిళా ప్రధాని అయ్యారు. భర్త హత్య తర్వాత రాజకీయాల్లోకి వచ్చారు. 1970లో పెద్ద మెజారిటీతో రెండోసారి గెలిచారు, మరుసటి ఏడాది ఇందిర ‘గరీబీ హటావో’ నినాదంతో 352 స్థానాలు గెలిచారు. ఇద్దరూ సోషలిజం మాట్లాడారు, ఇద్దరూ జాతీయం చేశారు: ఇక్కడ 14 బ్యాంకులు, అక్కడ తేయాకు ఎస్టేట్లు. 1971 ఏప్రిల్‌లో వామపక్ష తీవ్రవాద పార్టీ జె.వి.పి. యువకులు తిరగబడితే సిరిమావో ప్రభుత్వం వేల మంది ప్రాణాలు పోయేంత కఠినంగా అణచివేసింది. అత్యవసర పరిస్థితి దాదాపు ఆరేళ్లు సాగింది. 1975లో జరగవలసిన ఎన్నికలను 1972 నాటి కొత్త రాజ్యాంగం 1977కు నెట్టింది. ఇందిర లోక్‌సభ గడువును ఏడాది చొప్పున రెండుసార్లు పొడిగించారు. సిరిమావో ప్రభుత్వం పెద్ద పత్రికా సంస్థ లేక్ హౌస్‌ను స్వాధీనం చేసుకుంది, ఇందిర ప్రభుత్వం నాలుగు వార్తా సంస్థలను కలిపి ‘సమాచార్’ చేసింది. ఇద్దరూ 1977లోనే ఓడారు. సిరిమావో పార్టీకి 168లో 8 స్థానాలే మిగిలాయి. గెలిచినవారు ఇద్దరి మీదా పగ తీర్చుకున్నారు: ఇందిరను 1978లో లోక్‌సభ నుంచి బహిష్కరించి వారం రోజులు జైల్లో పెట్టారు, సిరిమావో పౌరహక్కులను 1980లో తీసేశారు. అక్కడినుంచే దారులు విడిపోయాయి. ఆ 1980లోనే ఇందిర 353 స్థానాలతో తిరిగొచ్చారు, రాయ్‌బరేలీ వదులుకుని మన మెదక్ సభ్యురాలిగా ప్రధాని పీఠం ఎక్కారు.

అదే కాలంలో చుట్టుపక్కల ఇంకా ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకోవాలి. ఫిలిప్పీన్స్‌లో మార్కోస్ 1972లో సైనిక శాసనం పెట్టాడు, అది 1981 దాకా పోలేదు. బంగ్లాదేశ్‌లో ముజీబుర్ రహమాన్ 1975 జనవరిలో ఏకపార్టీ వ్యవస్థ తెచ్చారు, ఆగస్టు 15న హత్యకు గురయ్యారు. పాకిస్థాన్‌లో భుట్టో సరిగ్గా 1977 మార్చిలోనే ఎన్నికలు పెట్టారు, రిగ్గింగ్ ఆరోపణలతో దేశం అట్టుడికింది, జూలైలో సైన్యం దిగింది, రెండేళ్లకు ఆయన ఉరికంబం ఎక్కారు. భారీ మెజారిటీతో గెలిచి, ధరలూ నిరసనలూ ముంచుకొచ్చేసరికి అధికారాన్నంతా గుప్పిట్లో పెట్టుకున్నవారు ఆ దశాబ్దంలో ఎందరో కనిపిస్తారు. ఇందిర వారిలో ఒకరు. వారిలో ఓటుతో దిగి ఓటుతోనే మళ్లీ ఎక్కినవారు మాత్రం అరుదు.

అందరూ అలాగే ఏలారంటే ఇందిర తప్పు తేలికైపోదా అన్న ప్రశ్న న్యాయమైనదే. నా లెక్కలో తేలిక కాదు, ఇంకా బరువవుతుంది. పాకిస్థాన్‌లో లేని స్థిరమైన పార్లమెంటు, సైన్యం తలదూర్చని సంప్రదాయం, పాతికేళ్ల ఎన్నికల అలవాటు ఇక్కడ ఉన్నాయి. ఉన్న ఆస్తిని పాడుచేసినవారి బాధ్యత, ఏమీ లేనిచోట తడబడినవారి బాధ్యత కంటే ఎక్కువ. తెలుగునాట ఈ మాట మరీ నొక్కి చెప్పాలి. ఎమర్జెన్సీ అంటే ఢిల్లీ తుర్క్‌మాన్ గేటు కూల్చివేతలు, ఉత్తరాది కుటుంబ నియంత్రణ శిబిరాలు, మనదాకా రాలేదు అన్న నమ్మకం మనలో బలంగా ఉంది. దానికి రుజువుగా 1977 ఫలితాన్ని చూపిస్తారు: దేశమంతా కాంగ్రెస్ కూలినా ఆంధ్రప్రదేశ్ 42లో 41 స్థానాలు ఇచ్చింది, నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున గెలిచారు. ఆ ఓటు అబద్ధం కాదు. కానీ ఎమర్జెన్సీ మొదలైన నెలకే మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులను పోలీసులు కాల్చి చంపారు. ఎన్‌కౌంటర్ అన్న ఆ కథను పౌరహక్కుల తరఫున విచారించిన తార్కుండే కమిటీ తర్వాత తోసిపుచ్చింది. ఆదిలాబాద్ రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో ఉరి తీశారు. శిక్ష అంతకు ముందే పడిందే, అయితే నోళ్లు మూతపడిన రోజుల్లో అది అమలైంది. మన కవి పఠాభి భార్య, ‘సంస్కార’ చిత్రంలో నటించిన స్నేహలతారెడ్డి, బెంగళూరు జైల్లో ఉబ్బసంతో నెలల తరబడి నలిగి, విడుదలైన కొద్ది రోజులకే 1977 జనవరిలో కన్నుమూశారు. పెట్టెలో పడిన ఓట్లు ఈ చావుల గురించి ఏమీ చెప్పవు.

చివరిగా ఉక్కు మహిళ. మార్గరెట్ థాచర్‌తో ఇందిరను జత కలిపే అలవాటు పత్రికలకు బాగా ఉంది. విధానాల్లో ఇద్దరిదీ ఎడమొహం పెడమొహం: ఒకరు జాతీయం చేస్తే ఇంకొకరు ప్రభుత్వ సంస్థలను అమ్మారు. అయినా ఈ పోలికను పారేయవద్దు, దాన్ని ఒక్కచోట వాడితే చాలా వెలుగు పడుతుంది. థాచర్ వరుసగా మూడు ఎన్నికలు గెలిచారు. 1990 నవంబరులో ఆమెను దించింది ప్రతిపక్షం కాదు, ప్రజలు కాదు, సొంత పార్టీ ఎంపీలు. బ్రిటన్ కన్సర్వేటివ్ పార్టీలో నాయకత్వానికి పోటీ పెట్టే నియమం సజీవంగా ఉండబట్టే అది సాధ్యమైంది. ఇందిరను కూడా 1969 నవంబరులో సొంత పార్టీ బహిష్కరించింది. సంజీవరెడ్డిని రాష్ట్రపతి అభ్యర్థిగా పార్టీ నిలబెడితే, ఆత్మప్రబోధం మేరకు ఓటేయమని చెప్పి వి.వి. గిరి గెలుపునకు ఆమె దారి వేసిన దాని పర్యవసానం అది. ఎంపీల్లో ఎక్కువ మంది ఆమె వెంటే నడిచారు. మళ్లీ అలాంటి పరిస్థితి రాకుండా ఆ తర్వాత ఆమె చూసుకున్నారు. ముఖ్యమంత్రులను శాసనసభ్యులు ఎన్నుకునే రోజులు పోయి, ఢిల్లీ నుంచి సీల్డ్ కవర్‌లో పేరు వచ్చే రోజులు వచ్చాయి.

ఆ మార్పు ఎలా ఉంటుందో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. 1978లో గెలిచిన ఒకే శాసనసభలో మర్రి చెన్నారెడ్డి, టి. అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి వరుసగా ముఖ్యమంత్రులయ్యారు. 1983 జనవరిలో తొమ్మిది నెలల పార్టీ చేతిలో కాంగ్రెస్ కుప్పకూలడానికి ఎన్టీఆర్ ఆకర్షణ ఎంత కారణమో, ఈ కుర్చీలాట అంత కారణం. 1984 ఆగస్టులో ఆయన ప్రభుత్వాన్ని గవర్నర్ రామ్‌లాల్ బర్తరఫ్ చేస్తే, నెల తిరిగేసరికి జనం ఒత్తిడితో తిరిగి కూర్చోబెట్టక తప్పలేదు. ఎమర్జెన్సీ గాయానికి రాజ్యాంగంలో మందు దొరికింది: 1978 నాటి 44వ సవరణ ‘అంతర్గత కల్లోలం’ తీసేసి ‘సాయుధ తిరుగుబాటు’ అని రాసింది, మంత్రివర్గం లిఖితపూర్వకంగా చెప్పనిదే రాష్ట్రపతి సంతకం చేయకూడదంది, జీవించే హక్కును నిలిపివేయరాదంది. పార్టీకి తగిలిన గాయానికి ఏ సవరణా రాలేదు. 1972 తర్వాత కాంగ్రెస్‌లో సంస్థాగత ఎన్నికలు ఇరవై ఏళ్ల పాటు జరగలేదు. చివరికి పి.వి. నరసింహారావు 1992లో తిరుపతి ప్లీనరీలో వర్కింగ్ కమిటీకి ఎన్నికలు జరిపించారు. అర్జున్ సింగ్, శరద్ పవార్ వంటివారు గెలిచారు. దళితులు, మహిళలు ఎన్నిక కాలేదన్న కారణం చూపి, గెలిచినవారందరి చేతా రాజీనామా చేయించి, కమిటీని పి.వి. మళ్లీ నామినేషన్లతోనే నింపారు.