వార్తల్లో పదం: ఫిల్టర్ బబుల్

మనకు నచ్చినవే అల్గారిదమ్ చూపిస్తూ పోతే ఎదుటివాడి మాట చెవిన పడదన్న భయానికి అమెరికా రచయిత ఎలీ పారిసర్ పెట్టిన పేరిది; 2011లో ఆయన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. భయం సహజమే, రుజువే బలహీనం. 2020 అమెరికా ఎన్నికల వేళ 23 వేల మందికి పైగా ఫేస్‌బుక్ వాడకందారులకు, వాళ్ల రాజకీయ అభిప్రాయాలే ఉన్నవాళ్ల నుంచి వచ్చే పోస్టులను సుమారు మూడో వంతు తగ్గించి చూశారు. ఫలితం 2023లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది: కళ్లబడేవి మారాయి, అభిప్రాయాలు మాత్రం కదల్లేదు. ‘సైన్స్’లో వచ్చిన మరో ప్రయోగంలో పోస్టులను వచ్చిన వరసలోనే చూపించినా, మూడు నెలల్లో రాజకీయ వైరం చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

ఏళ్ల తరబడి గట్టిపడిన అభిప్రాయం మూడు నెలల్లో మారుతుందా అంటే, న్యాయమైన ప్రశ్నే. పైగా ఈ పరిశోధనలో ఫేస్‌బుక్ యజమాని మెటా కంపెనీయే భాగస్వామి. ఆ రోజుల్లో అది అల్గారిదమ్‌ను తాత్కాలికంగా మార్చిందని 2024లో వేరే పరిశోధకులు ఎత్తిచూపారు కూడా. అయితే ఈ లోపాల వల్ల ప్రయోగం మీద నమ్మకం తగ్గుతుందే తప్ప బబుల్ ఉన్నట్టు తేలదు. అసలు అల్గారిదమ్ ఊసే లేని వాట్సాప్ గ్రూపులో, ఎదురు మాట్లాడినవాణ్ని అడ్మిన్ తీసేస్తే ఆ తప్పు ఏ యంత్రానిది? ఎదుటి పక్షం మాట జనానికి కనబడుతూనే ఉంది, చూసి కూడా ఎందుకు తోసిపుచ్చుతున్నారో ఆరా తీయమని మీడియా పరిశోధకుడు ఆక్సెల్ బ్రన్స్ 2019లోనే వాదించారు.