ఐదు వాట్లతో ఖండాంతరం

ఇంట్లో వెలిగే ఎల్‌ఈడీ బల్బుకు 9 వాట్ల కరెంటు కావాలి. అందులో దాదాపు సగం, అంటే 5 వాట్లతో, గద్వాల పొలం గట్టు మీంచి జపాన్‌కో ఐరోపాకో సందేశం పంపవచ్చు. టవర్లు, ఉపగ్రహాలు, ఇంటర్నెట్ అక్కరలేదు. ఎత్తుగా కట్టిన తీగ, 12 వోల్టుల బ్యాటరీ, చిన్న రేడియో, లైసెన్సు ఉన్న మనిషి చాలు. ఇంత తక్కువ శక్తితో హామ్ రేడియో (లైసెన్సుతో అభిరుచిగా నడిపే రేడియో) పోటీల్లో పాల్గొనేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. వాళ్లలోనూ 1.8, 3.5, 7 మెగాహెర్ట్జ్ అనే కింది బ్యాండ్లను ఎంచుకున్నవాళ్ల పని మరీ కష్టం. ఆ కష్టాన్ని దాటించేది డబ్బు కంటే ఎక్కువగా వేళ తెలిసి ఉండటం, చుట్టూ నిశ్శబ్దం ఉండటం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలకు ఈ పోటీలు నప్పేది అందుకే.

పోటీ ఎలా జరుగుతుంది?

వీటిలో పెద్దది సీక్యూ వరల్డ్ వైడ్. ఏటా అక్టోబరు చివరి వారాంతంలో మాటలతో, నవంబరు చివరి వారాంతంలో మోర్స్ సంకేతాలతో 48 గంటలు సాగుతుంది. ఎదుటివారి కాల్‌సైన్‌నూ (లైసెన్సుతో వచ్చే పిలుపు గుర్తు), పోటీ కోసం ప్రపంచాన్ని విభజించిన జోన్ల సంఖ్యనూ తప్పు లేకుండా అందుకుని రాసుకోవాలి. మన దేశం 22వ జోన్. కొత్త దేశం, కొత్త జోన్ దొరికినప్పుడల్లా స్కోరు పెరుగుతుంది. 5 వాట్లు దాటనివాళ్లకు వేరే వర్గం ఉంది. ఒకే బ్యాండ్ మీద ఆడేవాళ్లకూ చోటుంది. జనవరి చివరి వారాంతంలో 1.8 మెగాహెర్ట్జ్‌కు ప్రత్యేకంగా మోర్స్ పోటీ జరుగుతుంది.

పగలు మింగే పొర

నేలకు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున, ఎండ ఉన్నంతసేపూ డీ అనే అయాను పొర ఉంటుంది. రేడియో తరంగం అక్కడి ఎలక్ట్రాన్లను ఊపుతుంది. అవి గాలి అణువులను ఢీకొనడంతో తరంగశక్తి వేడిగా మారి పోతుంది. ఫ్రీక్వెన్సీ సగమైతే ఈ నష్టం డెసిబెల్లలో దాదాపు నాలుగింతలవుతుంది. పగటిపూట 1.8 మెగాహెర్ట్జ్ మీద దూరదేశాలు వినపడకపోవడానికి ఇదే కారణం. పొద్దుగూకగానే డీ పొర కరిగిపోతుంది. తరంగం దాదాపు 300 కిలోమీటర్ల ఎత్తులోని ఎఫ్ పొర దాకా వెళ్లి, వంగి నేలకు దిగి, మళ్లీ పైకి లేచి, అలా వేల కిలోమీటర్లు సాగుతుంది.

అంటే పంపేచోటా వినేచోటా చీకటి ఉన్న వేళే కింది బ్యాండ్లలో అసలైన వేళ. నవంబరు చివర గద్వాలలో సాయంత్రం 5:45 ప్రాంతంలో పొద్దుగూకుతుంది. అప్పటికే జపాన్‌లో రాత్రి. అక్కడ తెల్లవారేది మన గడియారంలో వేకువ 3 గంటలకు. కాబట్టి రాత్రి తొలి భాగం తూర్పు దేశాలది. పశ్చిమ ఐరోపాలో చీకటి పడేటప్పటికి మనకు రాత్రి 9 దాటుతుంది. అప్పటి నుంచి మన సూర్యోదయం దాకా అటువైపు దారి తెరిచి ఉంటుంది. పోటీ మొదలయ్యేది మనకు శనివారం తెల్లవారుజామున 5:30కు. పొద్దుపొడుపుకు మిగిలిన ఆ గంట ఐరోపా కోసం చాలా విలువైనది.

కాలం కూడా మనకు కలిసొస్తుంది. వేసవిలో, వానాకాలంలో ఉరుములు, మెరుపులు కింది బ్యాండ్లను చిటపటలతో నింపేస్తాయి. పెద్ద పోటీలు జరిగే నవంబరు నుంచి జనవరి దాకా మన దగ్గర ఆకాశం తేటగా ఉంటుంది, రాత్రులు పొడవుగా ఉంటాయి.

ఐదు వాట్లు ఎంత తక్కువ?

100 వాట్ల కంటే 5 వాట్లు 20 రెట్లు తక్కువ. డెసిబెల్లలో ఆ తేడా 13. రేడియో మీటరు మీద ఒక్కో ఎస్ యూనిట్ 6 డెసిబెల్లు కాబట్టి ముల్లు తగ్గేది రెండు గీతలకు కాస్త ఎక్కువ. మాట వినడానికి దాదాపు 2,400 హెర్ట్జ్ వెడల్పు కావాలి. మోర్స్‌కు 250 హెర్ట్జ్ ఫిల్టరు సరిపోతుంది. వెడల్పు పదో వంతుకు తగ్గితే లోపలికొచ్చే రొదా పదో వంతుకు తగ్గుతుంది. అది 10 డెసిబెల్ల లాభం. అందుకే 5 వాట్ల మోర్స్, 100 వాట్ల మాటకు కొద్దిలో మాత్రమే వెనకబడుతుంది.

ఇక చుట్టూ ఉండే రొద. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్కల్లో నగరానికీ పల్లెకూ మధ్య మనుషులు పుట్టించే రేడియో రొదలో తేడా దాదాపు 10 డెసిబెల్లు. బాగా నిశ్శబ్దంగా ఉండే పల్లెల్లో 7 మెగాహెర్ట్జ్ మీద ఆ తేడా 20 డెసిబెల్లు దాటుతుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంటులో ఛార్జర్ల, ఇన్వర్టర్ల రొద కింద మునిగిపోయే సంకేతం, అమ్రాబాద్ అడవి అంచున స్పష్టంగా వినపడగలదు. పల్లెలోనూ కరెంటు స్తంభం మీద వదులైన తీగలు, పగిలిన పింగాణీలు రొద పుట్టిస్తాయి. లైన్లకు దూరంగా, వేరుశనగ చేను నడుమ చోటు చూసుకుంటే మేలు.

తీగ పొడవుకూ చోటు కావాలి. అర్ధతరంగ డైపోల్ 7 మెగాహెర్ట్జ్‌కు 20 మీటర్లు, 3.5కు 40, 1.8కు దాదాపు 78 మీటర్లు. దాన్ని తక్కువ ఎత్తున కడితే తరంగం నిటారుగా పైకెళ్లి కొన్ని వందల కిలోమీటర్ల లోపు దిగుతుంది. దూరదేశాలకు నిలువు తీగ, నేల మీద పరిచిన రేడియల్ తీగలు మేలు. అక్కడ నేల గుణమూ పనిచేస్తుంది. కృష్ణ, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలోని తడి నల్లరేగడి, రాతినేల కంటే ఎక్కువ సాయం చేస్తుంది.

హైదరాబాద్‌లో పుట్టిన రేడియో

చిన్న శక్తి రేడియోల చరిత్రలో తెలుగు నేల పేరు గట్టిగా నిలిచింది. హైదరాబాద్ వాసి అష్హర్ ఫర్హాన్ 2000ల తొలి ఏళ్లలో బిట్‌ఎక్స్ అనే డిజైన్ చేశారు. అందులో ఒకే ఆంప్లిఫయర్ దశలు వినేటప్పుడు ఒక దిశలో, పంపేటప్పుడు ఎదురు దిశలో పనిచేస్తాయి. విదేశీ భాగాలు దొరకనివాళ్ల కోసం నల్లా వాషరు మీద చుట్టిన కాయిల్, సులభంగా దొరికే 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్స్ వాడారు. 2016లో 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కు 7 వాట్ల బిట్‌ఎక్స్40 బోర్డు వచ్చింది. తర్వాత వచ్చిన మైక్రోబిట్‌ఎక్స్ 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా మాట, మోర్స్ రెండూ పంపుతుంది. ఇవి హైదరాబాద్ నుంచి ఎన్నో దేశాలకు వెళ్లాయి.

పోటీ నేర్పే విద్య

2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ బృందం అండమాన్‌లో ఉంది. పోటీల్లోలాగే ప్రపంచమంతటి హామ్‌లను వరుసగా పలకరించడమే వాళ్ల పని. 26న సునామీ వచ్చింది. అవే రేడియోలు, అదే వేగంగా విని తప్పు లేకుండా రాసే నేర్పు, ద్వీపాల సమాచారాన్ని బయటికి చేర్చాయి. 2009 అక్టోబరులో కృష్ణ, తుంగభద్ర పొంగి అలంపురాన్ని, కర్నూలును ముంచెత్తాయి. అలాంటి రాత్రి బ్యాటరీ మీద నడిచే 5 వాట్ల రేడియో, తక్కువ ఎత్తున కట్టిన 7 లేదా 3.5 మెగాహెర్ట్జ్ తీగ గద్వాలను హైదరాబాద్‌తో కలపగలవు. కానీ రొదలోంచి బలహీనమైన సంకేతాన్ని ఏరుకునే చెవి వరద వచ్చాక తయారు కాదు. ఏటేటా పోటీల్లో సానబడితేనే తయారవుతుంది.

12 ఏళ్లు నిండినవాళ్లెవరైనా కేంద్ర టెలికం శాఖ పరీక్ష రాసి లైసెన్సు పొందవచ్చు. లైసెన్సు లేనిదే పంపకూడదు. వినడం మాత్రం ముందే మొదలుపెట్టవచ్చు. వనపర్తి పాలిటెక్నిక్ లాంటి చోట్ల విద్యార్థులు ఒక రిసీవరు, ఒక తీగ పెట్టుకుని శీతాకాలపు పోటీలను వింటే, అయాను పొరల పాఠం పుస్తకంలోంచి చెవికి చేరుతుంది. మూడు జిల్లాల్లో పదిమంది ఆపరేటర్లు తయారైనా, తర్వాతి వరదకు మన దగ్గర ఒక నెట్‌వర్క్ సిద్ధంగా ఉంటుంది.