ఆగినవాణ్ణి కాదు, ఆపినవాణ్ణి పట్టుకోండి

డేటాబేస్ అడ్మిన్‌గా నాకు తరచూ వచ్చే ఫోను ఇదే: "సార్, అప్‌డేట్ క్వెరీ కదలట్లేదు, ఇండెక్స్ ఏమైనా వేస్తారా?" ముందు సర్వర్ చూస్తాను. సీపీయూ ఖాళీ, డిస్క్ ఖాళీ. పని మీదపడ్డ సర్వర్ ఇంత తీరిగ్గా ఉండదు. ఆ క్వెరీ పని చేయడం లేదు, ఎవరికోసమో ఆగి ఉంది.

ఒక ఆన్‌లైన్ దుకాణం సంగతే చూడండి. స్టాక్ టేబుల్‌లో ఒక్కో వస్తువుకు ఒక్కో రో. ఇద్దరు ఒకేసారి నిల్వ తగ్గిస్తే లెక్క తప్పుతుంది కనుక, మొదట మార్చిన ట్రాన్సాక్షన్ కోసం డేటాబేస్ ఆ రోకు లాక్ వేస్తుంది. కమిటో రోల్‌బ్యాకో అయ్యేదాకా దాన్ని మార్చాలనుకునే మిగతావాళ్లంతా ఆగాల్సిందే. డిస్కౌంట్ పెట్టిన సాయంత్రం అందరికీ కావలసింది ఒకే వస్తువు, అంటే ఒకే రో. ఆగిన ప్రతివాడూ ఒక కనెక్షన్ పట్టుకునే ఉంటాడు. అవి అయిపోయాక స్టాక్‌తో సంబంధం లేని లాగిన్ పేజీ కూడా తెరుచుకోదు.

ఆ దుకాణం డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. పీజీ బ్లాకింగ్ పిడ్స్ అనే ఫంక్షన్‌తో ఎవరు ఎవరికి అడ్డమో వెతుక్కుంటూ పోతే, అన్నిటికీ మూలంగా ఒక సెషన్ దొరికింది. దాని స్థితి 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్': ట్రాన్సాక్షన్ తెరిచి, ఏ పనీ చేయకుండా కూర్చుంది. కోడ్ తెరిస్తే సంగతి తెలిసింది. నిల్వ తగ్గించి, కమిట్ చేయకుండానే పేమెంట్ గేట్‌వేను పిలిచి, జవాబు కోసం చూస్తోంది. బ్యాంకు కౌంటర్ దగ్గర ముందున్నాయన ఫోన్లో మాట్లాడుతూ నిలబడితే, వెనకవాళ్లు చలానా ఎంత చక్కగా నింపుకుని ఏం లాభం? ఇండెక్స్ సంగతీ అంతే.

ఆ సెషన్‌ను చంపితే క్యూ వెంటనే కదులుతుంది. కానీ డేటాబేస్‌లో ఆర్డర్ రద్దయినా గేట్‌వే దగ్గర డబ్బు తెగి ఉండొచ్చు. అది సరిచూసుకోకుండా చంపడం మంచిది కాదు.

అసలు మందు కోడ్‌లోనే ఉంది. నిల్వ తగ్గించి, ఆర్డర్‌ను 'పెండింగ్' అని రాసి, వెంటనే కమిట్ చేయాలి. గేట్‌వేను ఆ తర్వాత పిలవాలి. జవాబు వచ్చాక మరో చిన్న ట్రాన్సాక్షన్‌లో ఆర్డర్ ఖాయం చేయాలి, డబ్బు రాకపోతే నిల్వ వెనక్కి వేయాలి.

గడువులు కూడా మనమే పెట్టుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌లో లాక్ టైమవుట్ డిఫాల్ట్‌గా 0, అంటే ఎంతసేపైనా ఆగుతుంది. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో 50 సెకన్లకు 1205 ఎర్రర్ వస్తుంది. అయితే డిఫాల్ట్‌గా ఆ ఒక్క స్టేట్‌మెంటే రద్దవుతుంది. ట్రాన్సాక్షన్ అంతకుముందు పట్టిన లాకులు అలాగే ఉంటాయి. ఎర్రర్ రాగానే అప్లికేషనే రోల్‌బ్యాక్ చెప్పాలి.

కొత్త కోడ్ నా దగ్గరికి వస్తే బిగిన్‌కూ కమిట్‌కూ మధ్య ఉన్న లైన్లే ముందు చదువుతాను. బయటి సర్వర్ కోసమో, మనిషి నొక్కే బటన్ కోసమో ఆగే లైను ఒక్కటున్నా వెనక్కి పంపేస్తాను.