ఒకే యంత్రములో రెండు ఇండ్లు: ఫైళ్ళను ఇచ్చిపుచ్చుకొను విధము

విజయవాడ ఆటోనగరు వీధులలో నడచువారికి మరమ్మతు, మిస్త్రీ, పానా, కమాను అను మాటలు అడుగడుగునా వినబడును. వీనిలో కొన్ని ఉర్దూ ద్వారా తెలుగునకు వచ్చినవి. నేడు రెండు భాషలకును సొంతములే. ఈ మాటలను పోగుచేసి, తెలుగు లిపిలోను ఉర్దూ లిపిలోను ప్రక్కప్రక్కన వ్రాసి, అర్థములు చేర్చవలెనని మా విద్యార్థి ఒకడు పూనుకొనెను. అతని తండ్రిగారు అక్కడనే లారీ బాడీలు కట్టు షెడ్డులో పనిచేయుచున్నారు. సాయంత్రములయందు ఆయనకు క్యారేజీ తీసికొనిపోయి, పనివారిని అడిగి, ఒక్కొక్క మాటను కాగితముపై వ్రాసికొని వచ్చెడివాడు.

ఇంటిలోని పాత కంప్యూటరు విండోసుతో నడచునది. లినక్సు నేర్చుకొను కోరికతో ఆ విండోసు లోపలనే వర్చువల్‌బాక్సు సాయమున లినక్సును నెలకొల్పి, మాటల పట్టికను అందులోనే టైపు చేసెను. కొన్ని నెలలు గడచినవి. డిస్కులో చోటు చాలక, ఇంటివారెవరో ఒక పెద్ద ఫైలును చూచి, ఇది ఎందులకని తొలగించిరి. ఆ ఒక్క ఫైలే అతని లినక్సు. మరునాడు వచ్చి, "సార్, మాటలన్నీ పోయాయండి" అన్నాడు. వ్రాసికొన్న కాగితములు అప్పటికే చెత్తలో పడినవి.

నేను తెలుగు చెప్పువాడను. కంప్యూటరు శాస్త్రము నా విషయము కాదు. అయినను ఈ నష్టము మరొకరికి కలుగరాదని, తెలిసినవారిని అడిగి, స్వయముగా చేసి చూచి గ్రహించిన సంగతులను విద్యార్థుల ముందుంచుచున్నాను.

అతిథి, ఆతిథేయి

ఒక యంత్రము మరియొక యంత్రమువలె నటించుటనే ఎమ్యులేషను అందురు. అసలు కంప్యూటరును ఆతిథేయి అనియు, దానిలో నడచు ఊహాయంత్రమును అతిథి అనియు పిలుచుట ఆ శాస్త్రమున వాడుక. ఉర్దూలో వీనినే మేజ్‌బాన్, మెహమాన్ అనవచ్చును. ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1972లో ఐ.బి.ఎం. సంస్థ ప్రకటించిన వి.ఎం.-370 అను వ్యవస్థలో ఒకే పెద్ద కంప్యూటరు అనేక చిన్న కంప్యూటర్లవలె పలువురికి కనబడెడిది. ఒక ఊహాయంత్రము నుండి మరియొక దానికి ఫైలు పంపవలసినచో, లేని కార్డులకు రంధ్రములు చేసినట్లు, ఆ కార్డులను ఆవలి యంత్రము చదివినట్లు నటింపజేసెడివారు. అనగా ఫైళ్ళను దాటించు సమస్య ఊహాయంత్రములతో పాటే పుట్టినది. నేడు ప్రసిద్ధమైన క్యూఎము అను ఎమ్యులేటరును ఫ్రాన్సు దేశీయుడు ఫబ్రీస్ బెల్లార్డ్ 2003లో వెలువరించెను.

అతిథికి డిస్కు అని మనము ఇచ్చునది నిజమునకు ఆతిథేయిపై నున్న ఒక పెద్ద ఫైలు. లోపలి లినక్సుకు అది సంపూర్ణమైన డిస్కు. అందులో వేలకొలది ఫైళ్ళుండును. వెలుపలి విండోసుకు అది ఒకే ఒక మూట. మూటలో నేమున్నదో విండోసుకు తెలియదు. మా విద్యార్థి పట్టిక ఎందుకు పోయినదో ఇప్పుడు బోధపడును. కావున రెండు ఇండ్ల నడుమ తలుపు మనమే పెట్టవలెను. అందుకు ముఖ్యముగా మూడు మార్గములు కలవు.

మూడు మార్గములు

మొదటిది ఉమ్మడి ఫోల్డరు. విండోసులో ఒక ఫోల్డరును ఏర్పరచి, అది అతిథికి కూడ కనబడునట్లు వర్చువల్‌బాక్సు అమరికలలో చెప్పవలెను. ముందుగా లినక్సు లోపల గెస్ట్ అడిషన్స్ అను అనుబంధమును చేర్చుకొనవలెను. ఆటోమౌంట్ అను గుర్తు పెట్టినచో ఆ ఫోల్డరు లినక్సులోని మీడియా డైరెక్టరీ క్రింద, పేరుకు ముందు ఎస్.ఎఫ్. అను అక్షరములతో కనబడును. తెరువబోగా అనుమతి లేదని వచ్చుట తరచుగా జరుగును. అది చెడిపోయినట్లు కాదు. వాడుకరిని విబాక్స్ఎస్ఎఫ్ అను గుంపులో చేర్చి, మరల లాగిన్ కావలెను. క్యూఎములో, ఆతిథేయి కూడ లినక్సే అయినచో, ఈ పనికి 9పి అను ఒప్పందమును వాడుదురు. అది బెల్ ప్రయోగశాలలవారు ప్లాన్ 9 అను వ్యవస్థకై కల్పించినది.

రెండవది నెట్‌వర్కు. ఒకే పెట్టెలో నున్నను ఈ రెండును వేర్వేరు ఊళ్ళలో నున్న యంత్రములవలె మాటలాడుకొనగలవు. మామూలు అమరికలో అతిథి చిరునామా 10.0.2.15, అతిథికి ఆతిథేయి 10.0.2.2 వద్ద కనబడును. లోపలినుండి వెలుపలికి దారి తెరచియే యుండును. వెలుపలినుండి లోపలికి ఉండదు. ఆతిథేయిపై 2222 అను పోర్టుకు వచ్చినదానిని అతిథి యొక్క 22వ పోర్టుకు పంపుమని చెప్పి, లోపల ఎస్‌ఎస్‌హెచ్ సర్వరును నడిపినచో, ఫైళ్ళు భద్రముగా దాటును. ఈ ఎస్‌ఎస్‌హెచ్‌ను 1995లో ఫిన్లాండు దేశీయుడు తతు యులోనెన్ రచించెను.

మూడవది డిస్కును వంతులవారీగా వాడుట. అతిథిని పూర్తిగా ఆపివేసి, దాని డిస్కు ఫైలును వెలుపల తగిన సాధనముతో తెరచి, కావలసినది తీసికొని, మూసి, మరల అతిథిని నడపవచ్చును. ఇందు ఒక నియమము తప్పరాదు. మన బందరు, ఏలూరు కాలువలపై పడవలు తిరిగిన దినములలో లాకులుండెడివి. ఆ పేరు నగరమున నేటికిని వాడుకలో నున్నది. పడవ లోపలికి వచ్చిన పిమ్మట వెనుక తలుపు మూసిగాని ముందు తలుపు తీయరు. డిస్కు విషయమును అట్టిదే. అతిథి నడచుచుండగా అదే డిస్కును వెలుపలనుండి వ్రాయుటకు తెరచినచో, ఒకరి మార్పు మరొకరికి తెలియక, డిస్కులోని ఫైళ్ళ అమరికయే చెడిపోవును.

పేర్ల విషయము

రెండు లిపులలో వ్రాయు మనకు మరియొక చిక్కు కలదు. లినక్సులో సాధారణమైన ఎక్స్‌ట్4 పద్ధతిలో ఫైలు పేరు 255 బైట్లకు మించరాదు. యూటీఎఫ్-8 విధానమున తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు, ఉర్దూ అక్షరము ఒక్కొక్కటి 2 బైట్లు తీసికొనును. గుణింతములు, పొల్లులు కూడ లెక్కకు వచ్చును. కావున మిస్త్రీ అను మాట తెలుగులో 8 గుర్తులు, 24 బైట్లు. ఉర్దూలో 5 అక్షరములు, 10 బైట్లు. విండోసు లెక్క వేరు. అక్కడ సరిపడిన పొడవైన తెలుగు పేరును లినక్సు నిరాకరింపవచ్చును. పేర్లు పొట్టిగా నుంచుట మేలు.

జాగ్రత్తలు

డిస్కు అంతటిని పంచుకొనరాదు. దానికై ఒక్క ఫోల్డరును ప్రత్యేకింపవలెను. చూచుటకు మాత్రమే అయినచో చదువుటకే అనుమతి ఈయవలెను. అతిథిని పాత స్నాప్‌షాట్‌కు మరల్చినచో, ఆ తరువాత దాని డిస్కుపై వ్రాసినదంతయు పోవును. ఉమ్మడి ఫోల్డరులోనిది మాత్రము ఆతిథేయి వద్ద నిలుచును. అయినను ఉమ్మడి ఫోల్డరు ప్రతి కాదు. ఒక వైపున తొలగించినది రెండవ వైపునను పోవును. పెన్‌డ్రైవులో వేరొక ప్రతి ఉండి తీరవలెను.

మా విద్యార్థి మరల క్యారేజీతో పాటు నోటుపుస్తకము పట్టుకొని ఆటోనగరుకు పోవుచున్నాడు. మొదట మాట చెప్పిన వృద్ధులలో ఒకరు పని మానుకొని సొంత ఊరికి వెడలిపోయినారట. ఆయన చెప్పిన మాటలు కొన్ని ఇంకను దొరకలేదు. అందుచేత కళాశాల కమిటీవారికి నా విన్నపము ఒక్కటే. ప్రయోగశాలలోని ప్రతి కంప్యూటరునందును ఒక ఉమ్మడి ఫోల్డరును ఏర్పరచి, దానిని వాడు విధమును తెలుగులోను ఉర్దూలోను ఒక్క పుటలో వ్రాయించి గోడకు అంటింపవలెను. ఆ పుటను వ్రాసి ఇచ్చుటకు నేను సిద్ధముగా నున్నాను.