వినని గంటలకూ ఆయుష్షు ఖర్చే

గుంట మగ్గం ముందు కూర్చున్న నేతగాడికి చేతులూ కాళ్లూ ఖాళీ ఉండవు. చెవులే ఖాళీ. మంగళగిరి నేత ఇళ్లలో ఆ చెవుల కోసమే గోడబల్ల మీద రేడియో ఉండేది. 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక కృష్ణ అవతలి నుంచి వచ్చే భక్తిరంజని, వార్తలు, నాటకాలు ఇక్కడి నాడె చప్పుడులో కలిసిపోయాయి.

ఆనాటి వాల్వు రేడియో మీట తిప్పగానే పలికేది కాదు. ముందు డయలు దీపం వెలిగేది. వెనక అట్ట సందుల్లోంచి చూస్తే గాజు వాల్వుల లోపల సన్నని తీగ నారింజ రంగుకు తిరిగేది. అర నిమిషానికి గుర్రుమని చప్పుడు, ఆ వెనకే పాట. ప్రసారాలు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడు విడతలుగా వచ్చేవి. విడత అయిపోగానే రేడియో కట్టేసేవారు.

ఇప్పుడు అదే గోడబల్ల మీద ఆంప్లిఫయరు, అటూ ఇటూ సౌండు బాక్సులు. దాంతోపాటు ఒక మాట కూడా ఇంట్లోకి వచ్చింది: "ఆపుతూ వేస్తూ ఉంటే పాడవుతుందట, ఎప్పుడూ ఆన్‌లో ఉంచితేనే మంచిదట." ఈ మాట గాలికి పుట్టింది కాదు. దానికో చరిత్ర ఉంది.

1904లో ఇంగ్లండులో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ వాల్వును తయారుచేశాడు. రెండేళ్లకు అమెరికాలో లీ డి ఫారెస్ట్ దానికి మూడో భాగంగా చిన్న జాలీని చేర్చాడు. వేడెక్కిన కాథోడు నుంచి ఎలక్ట్రాన్లు ఎగసి ప్లేటు వైపు పోతాయి. మధ్యనున్న జాలీకి చిన్న సంకేతం అందిస్తే ఆ పెద్ద ప్రవాహం దాని ప్రకారం హెచ్చుతగ్గులవుతుంది. సన్నని శబ్దాన్ని పెద్దది చేసే విద్య అదే.

అయితే చల్లగా ఉన్న తీగకు నిరోధం తక్కువ. మీట వేసిన క్షణంలో కరెంటు ఒక్కసారిగా దూసుకొస్తుంది. వేడికి సాగి, చల్లారాక ముడుచుకుని, అలా రోజూ సాగి ముడుచుకుని తీగ అలసిపోతుంది. లండన్‌లో తపాలా శాఖ పరిశోధన కేంద్రంలో పనిచేసిన టామీ ఫ్లవర్స్ ఈ సంగతి టెలిఫోన్ పరికరాల్లో గమనించాడు. ఆపకుండా నడిచే వాల్వులు అరుదుగా పాడవుతున్నాయి. ఆ ధైర్యంతోనే 1944లో దాదాపు 1,600 వాల్వులతో రహస్య సందేశాలను విప్పే కొలోసస్ యంత్రాన్ని నిలబెట్టాడు. ఇన్ని వాల్వులతో యంత్రం నిలవదన్నవాళ్లకు ఆయన జవాబు ఒకటే: దాన్ని ఆపకూడదు.

ఫ్లవర్స్ మాట నిజం. కానీ అది రాత్రీ పగలూ పనిలో ఉన్న యంత్రం. ఇంట్లో మనం వినేది రోజుకు మూడు గంటలు. పవర్ వాల్వు ఆయుష్షు 5,000 గంటలు అనుకుందాం. ఎప్పుడూ వెలుగుతుంటే అది ఏడు నెలలకే అయిపోతుంది. రోజుకు మూడు గంటలైతే నాలుగున్నరేళ్లు వస్తుంది. మీట వేసినప్పటి దెబ్బ ఉన్నా, ఆపుకున్నదే లాభం.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టరు పుట్టింది. దానికి వేడెక్కే తీగ లేదు. తీగ పోయాక, తీగ కోసం పుట్టిన నియమం కూడా పోవాల్సింది. మాట మాత్రం మిగిలిపోయింది.

ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరులో ముందు ముసలిదయ్యేది కండెన్సరు. పాత సెట్టు విప్పినప్పుడు చూడండి: డబ్బీ ఆకారంలో నిలబడిన వాటి పైమూత చదునుగా ఉండాలి. అది పొట్టలా ఉబ్బి, అడుగున జిగట మరక కనబడితే దాని పని అయిపోయినట్లే. లోపల అల్యూమినియం రేకుల మధ్య తడి కాగితం ఉంటుంది. వేడికి ఆ తడి ఏళ్ల తరబడి ఇంకిపోతుంది. వేడి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు ఇంచుమించు రెట్టింపవుతుందని ఇంజనీర్ల లెక్క. 85 డిగ్రీల దగ్గర 2,000 గంటలు పనిచేసే కండెన్సరు 55 డిగ్రీల దగ్గర 16,000 గంటలు పనిచేస్తుంది. ఎప్పుడూ ఆన్‌లో ఉంటే అది రెండేళ్లు కూడా రాదు. రోజుకు నాలుగు గంటలైతే దాదాపు పదకొండేళ్లు. మిర్చి కల్లాలు ఎర్రబారే మన గుంటూరు ఎండల్లో గదే నలభై డిగ్రీలకు చేరితే, గాలాడని పెట్టెలో 55 ఏమంత దూరం?

కరెంటు సంగతీ చూడాలి. మంగళగిరి కొండ మీది పానకాల స్వామి బిందెడు పానకం పోసినా సగమే స్వీకరించి సగం భక్తులకు వదులుతాడని మన నమ్మకం. క్లాస్ ఏ ఆంప్లిఫయరు అలా కాదు. పాట ఉన్నా లేకున్నా నిండుగా కరెంటు తాగుతుంది, ఎంత బాగా చేసినా అందులో సగానికి మించి శబ్దంగా తిరిగివ్వలేదు. ఇళ్లలో ఎక్కువగా ఉన్న క్లాస్ ఏబీ సెట్టు ఊరికే ఉన్నప్పుడు 30 వాట్లు తీసుకుంటే ఏడాదికి దాదాపు 263 యూనిట్లు. రోజుకు మూడు గంటలే వేస్తే 33. ఆ తేడా 230 యూనిట్లూ ఎవరూ వినని గంటలకు కట్టిన బిల్లు.

కొత్త క్లాస్ డి సెట్ల కథ వేరు. అవి సెకనుకు లక్షల సార్లు మీట వేసి తీసినట్టు పనిచేస్తాయి, కాబట్టి వేడిగా పోయేది తక్కువ. స్టాండ్‌బై ఖర్చును ఒక్క వాటుకు దించాలని అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లో పిలుపునిచ్చింది. ఐరోపా 2013 నుంచి చాలా పరికరాలకు అర వాటు హద్దు పెట్టింది. అర వాటంటే ఏడాదికి నాలుగున్నర యూనిట్లు కూడా కాదు. అలాంటి సెట్టును స్టాండ్‌బైలో ఉంచితే నష్టం లేదు.

అలాగని సెట్టును అటక మీద ఏళ్ల తరబడి పడేయడమూ మంచిది కాదు. వాడని కండెన్సరులో రేకు మీది పల్చని పొర బలహీనపడుతుంది. నెలకోసారైనా వేసి కాసేపు పాడించాలి. పాట పాటకీ ఆపి వేయడమూ వద్దు. సెట్టు కుదురుకోవాలనుకుంటే వినడానికి అరగంట ముందు వేస్తే చాలు.

వాల్వు సెట్టయినా, క్లాస్ ఏ అయినా, ఏబీ అయినా వినడం అయిపోగానే కట్టేయండి. దాని చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ వదలండి, పైన గుడ్డ కప్పకండి. వేసవి సాయంత్రం ఉరుము వినపడితే మీట ఒక్కటి చాలదు, గోడ నుంచి ప్లగ్గు పీకండి.