పెరట్లో పాత పద్మిని



మన ఊళ్ళలో పాతకాలపు ఇళ్ళ వసారాలలో, రేకుల కొట్టాల కింద, గుడ్డ కప్పి ఉంచిన కార్లు అక్కడక్కడా కనబడతాయి. తాతగారు కొన్నదో, పెదనాన్నగారు నడిపినదో ఒక అంబాసిడరు, లేకపోతే ఒక పద్మిని. అమ్మబోతే పాత ఇనుము ధర వస్తుంది, ఉంచుకుంటే చోటు దండగ. ఇంతలో ఇంట్లో ఒక కుర్రవాడు బయలుదేరి, దీన్ని నేనే బాగుచేస్తాను, కొత్త రంగు, వెడల్పు టైర్లు, పెద్ద ఇంజను వేయిస్తాను అంటాడు. ఆ ఉత్సాహాన్ని కాదనడానికి నేను రాలేదు. ఏ పని ముందు, ఏ పని వెనుక, ఏది ఇంట్లో చేసుకోవచ్చు, ఏది కూడదు అన్నది చెప్పాలని వచ్చాను. వరస తప్పితే డబ్బు పోవడం ఒక్కటే కాదు, ప్రాణం మీదికి కూడా వస్తుంది.

ఉదాహరణకు పద్మినినే తీసుకుందాం. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు 1964లో ఇటలీ ఫియట్ 1100 నమూనాను ఇక్కడ తయారుచేయడం మొదలుపెట్టారు. 1970ల మధ్య నాటికి దాని పేరు ప్రీమియర్ పద్మిని అయింది. 2000 ప్రాంతంలో తయారీ ఆగింది. బొంబాయి వీధులలో నల్లపసుపు టాక్సీగా మాత్రం 2023 అక్టోబరు దాకా తిరిగింది. 1089 సి.సి. పెట్రోలు ఇంజను, 40 అశ్వశక్తి ప్రాంతంలో బలం, స్టీరింగు పక్కనే గేరు కర్ర, ఇంజను ముందు, తోపు వెనుక చక్రాలకు. కంప్యూటరు లేదు, సెన్సారు లేదు. బోనెట్ ఎత్తితే ప్రతి భాగమూ కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది. ఇంట్లో నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బండి దొరకదని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. లారీకి, జీపుకు కింద వేరే ఉక్కు చట్రం ఉంటుంది. పైన డబ్బా తీసి పక్కన పెట్టినా చట్రం నిలబడుతుంది. పద్మినికి, అంబాసిడరుకు అలాంటి వేరు చట్రం లేదు. నేల రేకు, తలుపుల కింద పొడుగునా వెళ్ళే పెట్టెలాంటి దూలం, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిసి అతుకులతో ఒకటై బండిని మోస్తాయి. గుడ్డుకు పెంకు ఎలాగో, ఈ బండికి డబ్బా అలాగ. కనుక నేల రేకుకు పట్టిన తుప్పు అందానికి సంబంధించిన విషయం కాదు. అది బండి వెన్నెముకకు పట్టిన జబ్బు.

తుప్పు ఎలా పడుతుందో పాఠశాలలో చదువుకున్నాం. ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు కలిస్తే తుప్పు. కరిగిన ఉప్పు దాన్ని తొందరపెడుతుంది. అందుకే సముద్రపు గాలి తగిలే యానాం, బరంపురం వైపు బండ్లు మా బళ్ళారి బండ్లకన్నా త్వరగా తినేస్తాయి. తుప్పు తాను పుట్టిన ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కాబట్టి లోపల పుట్టి రంగును పైకి తోస్తుంది. పైన చిన్న పొక్కు కనబడిందంటే, లోపల పని చాలా కాలంగా జరుగుతున్నదని అర్థం.

పాత బండి కొనేటప్పుడు గానీ, ఇంట్లో ఉన్నదాన్ని చూసేటప్పుడు గానీ ఒక అయస్కాంతం ముక్కను పలుచని గుడ్డలో చుట్టి, తలుపుల కింద, చక్రాల పై వంపుల దగ్గర, డిక్కీ అడుగున ఆనించి చూడండి. పట్టుకున్న చోట రేకు ఉంది. జారిపోయిన చోట రేకు బదులు పుట్టీ ఉంది. మా బావ తెచ్చిన 1984 నాటి పద్మిని చూడ్డానికి పెళ్ళికూతురులా ఉండేది. కుడివైపు తలుపుల కింద జానెడు పొడుగున అయస్కాంతం నిలవలేదు. గీకితే పుట్టీ, దాని వెనుక వార్తాపత్రిక ముక్క, దాని వెనుక ఏమీ లేదు. ఎవరో ఒక షెడ్డువారు చేసిన ఘనకార్యం అది. లోపలి చాపలు పూర్తిగా ఎత్తి, నేల రేకును స్క్రూడ్రైవరు పిడితో తట్టుతూ వెళ్ళండి. గట్టి రేకు టంగుమంటుంది. పుచ్చిన రేకు పొడిపొడిగా మోగుతుంది. పుచ్చిన చోటును కోసి, అదే మందం కొత్త రేకు వెల్డింగు చేయించాలి. ఇది ఇంటి పని కాదు. మంచి టింకరును పట్టుకోండి. తలుపులు విప్పిన తరువాత నేల కోస్తే డబ్బా వంగిపోయే ప్రమాదముంది. కాబట్టి ఒక వైపు పూర్తి చేశాకనే రెండోవైపు కోయమని చెప్పండి.

ఇక బండి కిందికి దూరడం. ఈ మాట కొంచెం గట్టిగా చెప్పాలి. జాకీ ఉన్నది బండిని ఎత్తడానికి, ఎత్తి పట్టుకోవడానికి కాదు. జాకీ మీద మాత్రమే నిలబడ్డ బండి కిందికి ఎవరూ, ఒక్క నిమిషమైనా, చెయ్యి కూడా పెట్టకూడదు. ఇటుకలు బరువుకు చిట్లుతాయి, అవీ పనికిరావు. ఉక్కు స్టాండ్లు నాలుగు కొనండి. కొనలేకపోతే కిందికి దూరే పని గ్యారేజీకి వదిలేయండి. నేల చదునుగా, గట్టిగా ఉండాలి. ఆనిన చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టాలి. ఇంట్లో మరొక మనిషి ఉన్నప్పుడే పని చేయాలి.

ఏళ్ళ తరబడి నిలిచిపోయిన ఇంజనును చూడగానే బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టాలని చెయ్యి దురద పుడుతుంది. కొట్టవద్దు. లోపల పిస్టను రింగులు సిలిండరు గోడలకు అతుక్కుని ఉండవచ్చు. నాలుగు స్పార్కు ప్లగ్గులూ విప్పి, ఒక్కొక్క రంధ్రంలో రెండు చెంచాల ఇంజను ఆయిలు పోసి రెండు రోజులు ఆగండి. తరువాత పై గేరు వేసి, చదును నేల మీద ఇద్దరు మెల్లగా తోస్తే, ఇంజను తిరుగుతుందో లేదో తెలుస్తుంది. మొరాయిస్తే బలం చూపకుండా మళ్ళీ ఆయిలు పోసి ఆగడమే. తిరిగాక పాత ఆయిలు, నీళ్ళు తీసివేసి కొత్తవి పోసి, అప్పుడు సెల్ఫ్ సంగతి చూడవచ్చు.

మా బళ్ళారి గ్యారేజీ భాష తమాషాగా ఉంటుంది. ఉస్తాదు మాట ఉర్దూ, లెక్క కన్నడం, తిట్టు తెలుగు. ఇంజనులో నిప్పురవ్వను పంచిపెట్టే డిస్ట్రిబ్యూటరును అందరూ డెల్కో అంటారు. అది ఒక అమెరికా కంపెనీ పేరు. అదనపు చక్రాన్ని స్టెప్నీ అంటాం. అది వేల్సు దేశంలోని ఒక వీధి పేరు. ఈ డెల్కోలోని ప్లాటినం పాయింట్లను సన్నని ఉప్పుకాగితంతో శుభ్రం చేసి, సందు అర మిల్లీమీటరులోపే ఉండేలా ఫీలర్ గేజితో సరిచేయడం పదవ తరగతి పిల్లవాడు కూడా ఒక సాయంత్రంలో నేర్చుకోగలడు. కార్బురేటరు విప్పి కడగడమూ అంతే. విప్పిన వరసలో పాత పంచె మీద భాగాలు పేర్చుకోండి, ప్రతి దశలో ఫొటో తీసుకోండి.

పెట్రోలు విషయంలో ఇప్పుడు ఒక కొత్త చిక్కు వచ్చింది. 2025 నాటికి దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలిసింది. పద్మిని తయారైన రోజులలో ఇలాంటి ఇంధనం లేదు. ఇథనాలు ఆనాటి రబ్బరు గొట్టాలను ఉబ్బించి, మెత్తబరిచి, చివరకు పగలగొడుతుంది. గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. కాబట్టి ట్యాంకు నుంచి కార్బురేటరు దాకా ఉన్న రబ్బరు గొట్టాలన్నీ ఇథనాలుకు తట్టుకునే రకంతో మార్చాలి. పంపులోని పొరనూ మార్చాలి. వాడకుండా నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచకూడదు. ట్యాంకుకు చిల్లు పడితే ఇంట్లో వెల్డింగు పెట్టించకండి. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి నిండు ట్యాంకుకన్నా ప్రమాదకరం.

బ్రేకుల దగ్గరికి వద్దాం. పాత బండ్లలో చాలావాటికి నాలుగు చక్రాల బ్రేకు ఆయిలుకూ ఒకటే దారి. ఎక్కడ ఒక్క చోట కారినా నాలుగూ పోతాయి. అందుచేత మాస్టర్ సిలిండరు, చక్రాల సిలిండర్లు, వాటిలోని రబ్బరు కప్పులు, గొట్టాలు ఏకమొత్తంగా కొత్తవి వేయించడమే మంచిది. రబ్బరు భాగాలను కిరోసినుతో, పెట్రోలుతో కడిగితే ఉబ్బి పాడవుతాయి. కొత్త బ్రేకు ఆయిలుతోనే కడగాలి. డ్రమ్ములోని నల్లని పొడిని నోటితో ఊదకండి. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉంటుంది, అది ఊపిరితిత్తులకు విషం. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి. తరువాత గాలి తీయడం. మాస్టర్ సిలిండరుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి, ఒకరు పెడలు తొక్కి పట్టుకుంటే ఒకరు నిపిలు వదులు చేసి బిగించాలి. బుడగలు ఆగేదాకా ఇలా చేయాలి. మా ఇంట్లో పెడలు తొక్కే పని మా ఆవిడది, ఎప్పుడు వదలాలో నాకన్నా ఆవిడకే బాగా తెలుసు.

బ్రేకులు సరే, ఇక పెద్ద ఇంజను కోరిక. బండి వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే, దాన్ని ఆపడానికి బ్రేకులు మింగవలసిన శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు పెరుగుతుంది. 60 కిలోమీటర్ల వేగాన్ని ఆపగల డ్రమ్ము, 90ని ఆపాలంటే రెండుంబావు రెట్లు వేడెక్కుతుంది. వేడెక్కిన డ్రమ్ము పట్టు వదులుతుంది. 40 అశ్వశక్తికి అమర్చిన బ్రేకులు, స్ప్రింగులు, స్టీరింగు అలాగే ఉంచి 80 అశ్వశక్తి ఇంజను పెట్టడమంటే, ఎద్దుబండికి గుర్రాన్ని కట్టడమే. ఇది నా మాట కాదు, భౌతికశాస్త్రం మాట.

చట్టం మాట కూడా వినండి. మోటారు వాహనాల చట్టం 1988, 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తీర్పు ఇచ్చింది. అదే సంవత్సరం చట్ట సవరణలో, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని చేర్చారు. ఇంజను మార్చాలన్నా, గ్యాసు కిట్టు పెట్టాలన్నా ముందుగా ఆర్.టి.ఓ. ఆఫీసు అనుమతి తీసుకుని, ఆర్.సి.లో ఎక్కించాలి. రంగు మార్చినా ఆర్.సి.లో చేరాలి. సీటు బెల్టులు, హెడ్‌లైట్లకు రిలే, పాత వైర్ల బదులు కొత్త వైరింగు లాంటివి బండి రూపాన్ని చెడపకుండా ప్రాణానికి మేలు చేసేవి. డబ్బు ఉంటే ముందు వీటికి ఖర్చు పెట్టండి.

మరొక కారణం కూడా ఉంది. 2021లో కేంద్రం వింటేజి వాహనాల నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 సంవత్సరాలు దాటి, చట్రం, డబ్బా, ఇంజను మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండికి వి.ఎ. అనే అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు. రోజువారీ వాడకానికి, కిరాయికి ఆ బండి పనికిరాదు. మొదటి పద్మినీలు ఇప్పటికే ఆ వయసు దాటాయి. ఈరోజు సరదాకు డబ్బా కోసి వెడల్పు చేసిన బండికి రేపు ఆ గౌరవం దక్కదు.

విడిభాగాల కోసం చెన్నై పుదుప్పేట, బెంగళూరు జె.సి. రోడ్డు, ముంబై కుర్లా తిరగవలసి వస్తుంది. పాత భాగం చేత్తో పట్టుకుని వెళ్ళండి, పేరు చెబితే ఏదో ఒకటి అంటగడతారు.

చివరగా కాగితాలు. ఇది మన సరిహద్దు వారికి మరీ ముఖ్యం. అనంతపురంలో మేనమామ ఇచ్చిన బండిని బళ్ళారిలో ఉంచుకున్నాం అనుకోండి. ఒక రాష్ట్రంలో రిజిస్టరయిన బండి వేరొక రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు అక్కడి ఆర్.టి.ఓ. నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. సొంత కార్ల రిజిస్ట్రేషను 15 సంవత్సరాలకు ముగుస్తుంది. తరువాత బండిని చూపించి ఐదేసి సంవత్సరాలకు పొడిగించుకోవాలి. 20 ఏళ్ళు దాటిన బండ్లకు ఈ రుసుమును 2025లో బాగా పెంచారు. పాత యజమాని కాలంచేసి ఉంటే, వారసుల పేరు మీదికి మార్పించుకోవడం ఇంకొక పని. ఇవన్నీ జరిగేవేనా అని ఆర్.టి.ఓ. ఆఫీసులో అడిగి తెలుసుకున్నాకే మొదటి బోల్టు విప్పండి. కాగితం లేని బండిని ఎంత మెరిపించినా రోడ్డెక్కించలేరు.

టింకరు చేతికి బండి ఇచ్చే ముందు చాసిస్ నంబరు ఎక్కడ చెక్కి ఉందో వెతికి, దాని మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీసి దాచుకోండి. ఆ చోట ఉప్పుకాగితం పెట్టవద్దని, పుట్టీ పూయవద్దని టింకరుకు స్పష్టంగా చెప్పండి. తనిఖీ రోజున ఇన్‌స్పెక్టరు మొదట వెతికేది ఆ అంకెలనే.